మౌసు మీద పౌడరు

కమలాక్షికి ఎవరి మీదా నమ్మకం లేదు. ఈ మాట ఆమె ఎదుటే చాలాసార్లు అన్నాను, ఆమె కాదనలేదు. పాలు పోసే మనిషి కొలత చెంబులో వేలు పెట్టి అడుగున సొట్ట ఉందేమోనని తడిమి చూసేది. బస్సులో కండక్టరు ఇచ్చిన టికెట్టు మీద తేదీ చదివాకే రవికెలో దోపుకునేది. భర్త చెంగయ్య వీధి చివర గుడి దాకా పోయి వచ్చానంటే నుదుటి మీది కుంకుమ తడిగా ఉందా, ఎండిందా అని చూసేది. ఆ చెంగయ్య లారీకి గ్రానైటు దిమ్మెలు ఎక్కిస్తూ నడుం విరగ్గొట్టుకుని నాలుగేళ్ళుగా ఇంటిపట్టునే ఉన్నాడు. గుడి దాటి పోదామన్నా పోలేడు.

నేను మదనపల్లెలో తెలుగు పండితుడిగా రిటైరై, ఊరికే కూర్చోలేక వరదరాజులు ప్రెస్సులో ప్రూఫులు దిద్దడానికి కుదిరాను. కమలాక్షి అక్కడ కంప్యూటరు మీద తెలుగు టైపు చేసేది. పెళ్ళికార్డులు, చావు జరిగిన ఇళ్ళ కర్మంతరం కార్డులు, కరపత్రాలు అన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. ఆమె జీతం మీదే ఇల్లు నడిచేది, కూతురు రూప పాలిటెక్నిక్ చదువు కూడా.

ఆమె అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1991లో పుంగనూరులో ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే పనికి చేరింది. ఐదేళ్ళు మాట పడకుండా చేసింది. ఒకసారి పెళ్ళికార్డులో ముహూర్తం తేదీ తప్పు పడింది. పెళ్ళివాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఏ తేదీ ఉందో అదే ఆమె పేర్చింది. వాళ్ళు మళ్ళీ వచ్చి కాగితంలో తేదీని గుట్టుగా దిద్దేసి, మేం సరిగ్గానే ఇచ్చామన్నారు. ఇంకు రంగు వేరేగా ఉంది చూడండని ఈమె ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. వాళ్ళు దిద్దుతుంటే మిషను తొక్కే మనిషి కళ్ళారా చూశాడు, అయినా నోరు మెదపలేదు. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. అప్పటినుంచి కంటితో చూసింది తప్ప ఏదీ నమ్మకూడదని నిర్ణయించుకుంది.

మదనపల్లెకు వచ్చి, ముప్పై ఆరేళ్ళ వయసులో కంప్యూటరు నేర్చుకుంది. సీసం అక్షరాలకు అలవాటైన వేళ్ళు మీటలకు అలవాటు పడడానికి ఏడాది పట్టింది. తర్వాత ఆమెంత నిదానంగా, తప్పు లేకుండా కొట్టేవాళ్ళు ఊళ్ళో లేరు. ఇది నేను పొగడడం కాదు, ప్రూఫులు దిద్దిన మనిషిగా చెబుతున్నాను.

2006లో వరదరాజులు కుప్పంలో ఒక బ్రాంచి పెట్టాడు. చిన్న గది, ఒక కంప్యూటరు, గోపాలస్వామి అనే ఒక ఆపరేటరు. అక్కడ ఆర్డర్లు తీసుకుంటారని, అచ్చు మాత్రం మదనపల్లెలోనే అని మాకు చెప్పాడు. ఆ వారమే కమలాక్షికి ఒక కొత్త ఆజ్ఞ వేశాడు.

"అన్నానికి పొయ్యేటప్పుడు మిషను ఆపొద్దమ్మా. టీవీ మాదిరి ఉండేదాన్ని మాత్రం ఆపేసి పో."

"యాల సార్?"

"ఆపి ఆపి పెడితే పాడైపోతాది. సెప్పింది సెయ్యి."

ఎనిమిదేళ్ళుగా రోజూ ఆపి పెడుతున్న మిషను ఈ రోజు నుంచి ఎందుకు పాడవుతుంది? కమలాక్షి బుర్రలో పురుగు దూరడానికి ఇంతకన్నా ఏం కావాలి? అన్నానికి పోతూ తెరమీది బాణం గుర్తును ఒక మూలకు తోసి, తెర ఆపేసి పోయింది. రెండింటికి వచ్చి చూస్తే బాణం నడిమధ్యన ఉంది.

మర్నాడూ అంతే. తన కుర్చీలో ఎవరో కూర్చుంటున్నారని తేల్చుకుంది. ముందు నన్నే అనుమానిస్తుందేమో అనుకున్నాను. ఆ గంటలో నేను కిటికీ దగ్గర కునుకు తీస్తానని ఆమెకు తెలుసు గనక వదిలేసింది. మూడోరోజు సంచిలోంచి పౌడరు డబ్బా తీసి మౌసు మీద, మీటల మీద పల్చగా చల్లింది.

"ఏందమ్మా, కంప్యూటరుకు కూడా సింగారమా?" అన్నాను.

"ఎవురి వేలు పడతాదో సూస్తాను సారూ. వేలు దొరికితే మనిషి దొరుకుతాడు."

రెండింటికి వచ్చి చూస్తే పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది. చీమ నడిచిన జాడ కూడా లేదు. బాణం మాత్రం మళ్ళీ జరిగింది. బైండింగు చేసే దాసి అనే ఆవిడ అయితే దెయ్యమని అక్కడే దండం పెట్టింది. కమలాక్షి దెయ్యాలను నమ్మదు. దెయ్యాన్ని నమ్మాలన్నా నమ్మకం అనేది ఉండాలి కదా.

మర్నాడు ఆమె అన్నం తినలేదు. ఒంటిగంటకు క్యారియరు పట్టుకుని అందరికీ కనబడేలా వెనక గదిలోకి పోయి, ఐదు నిమిషాలకు పిల్లిలా వచ్చి కంప్యూటరు తెర స్విచ్చు వేసి కూర్చుంది. నన్ను చేత్తో పిలిచింది. వెళ్ళి చూశాను. మౌసు బల్లమీద కదలకుండా ఉంది. తెరమీద బాణం తనంతట తానే పాకుతోంది. ఒక ఫైలు తెరిచింది. అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి: శాంతిపురం మండలం, ఫలానా గ్రామం, చిరంజీవి ఫలానా. కొన్ని ఒత్తులు టైపు కావడం లేదు. వాటి కోసం బాణం ఇంకో ఫైలులోకి పోయి, అక్కడున్న అక్షరాన్ని నల్లగా చేసి, పట్టుకొచ్చి ఇక్కడ అతికిస్తోంది.

"శాంతిపురం అంటే కుప్పం పక్కనే గదా సారూ," అంది కమలాక్షి గొంతు తగ్గించి. తెర కింద మూలన, గడియారం పక్కన ఒక చిన్న బొమ్మ చూపించింది. "ఇది తెల్లగా ఉండేది. ఒంటిగంటకు నల్లగా అయింది. ఆడ నుంచి ఎవురో నా మిషన్లోకి వస్తాండారు."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. పెద్దమనిషిని, నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి, వరదరాజులును అడుగుదాం పద అని ఉండాల్సింది. నేనేమన్నానంటే, "ఇంకేముందమ్మా, ఈడ పని ఆడ నుంచే సేయించుకునే ఏర్పాటు. రేపో మాపో నిన్ను పొమ్మంటాడు. నువ్వు ఎంత పని సేస్తాండావో కూడా ఆడ నుంచి సూస్తాంటారు." నాకు తెలిసి అన్న మాట కాదు. ఆమెతో పాటు నాకూ ఆ రోజుల్లో అనుమానం రుచి తగిలింది. ఒట్టి ప్రూఫులు దిద్దే బతుకులో అదొక సరదా.

కమలాక్షి ముఖం తెల్లబోయింది. "రూపకు ఇంకా ఏడాదిన్నర చదువు ఉండాది సారూ," అని మాత్రం అంది.

అసలు సంగతి తర్వాత తెలిసింది, ఇక్కడే చెప్పేస్తాను. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు తెరుచుకోవాలంటే కంప్యూటరు వెనక బొటనవేలంత లాక్ ఒకటి గుచ్చి ఉండాలి. ప్రెస్సుకు ఉన్నది ఒకటే. పైగా ఆ సాఫ్ట్‌వేరు విండోస్ మీద తప్ప నడవదు. వరదరాజులు కుప్పానికి కొన్నదేమో బెంగుళూరులో మూసేసిన ఆఫీసులోని పాత కంప్యూటరు, అందులో లైనక్సు. జాతి వేరు, భాష వేరు. బెంగుళూరు నుంచి ఎవరినో పిలిపించి ఒక ఏర్పాటు చేయించాడు. బ్రాడ్‌బ్యాండు మీద కుప్పంలోని తెరలో మదనపల్లె తెర కనబడుతుంది. అక్కడ మౌసు తిప్పితే ఇక్కడ బాణం తిరుగుతుంది. కమలాక్షి అన్నం తినే గంట గోపాలస్వామిది. ఒక లాక్‌తో రెండుచోట్ల పని చేయడం రూలు కాదు గనక ఆ సంగతి వరదరాజులు ఎవరికీ చెప్పలేదు. అవతల ఆ గంటలో మిషను ముందు ఎవరూ ఉండరని గోపాలస్వామికి చెప్పాడు. ఇద్దరికీ సగం సగం చెబితే రెండు సగాలూ అబద్ధాలే అవుతాయని ఆయనకు తోచలేదు.

అలా ఉండగా రామసముద్రం దగ్గర పల్లె నుంచి వెంకటేశులు అనే రైతు కూతురు నందిని పెళ్ళికార్డుకు వచ్చాడు. ప్రూఫు చదివి సంతకం పెట్టాడు. అందులో అందరికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, మేనమామ దాసప్ప పేరు ఉంది. నందిని పుట్టినప్పటి నుంచి పదో తరగతి దాకా పెరిగింది ఆ దాసప్ప ఇంట్లో. పెళ్ళిరోజు ఆమెను గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకురావాల్సింది కూడా ఆయనే. రెండేళ్ళ కింద బోరు నీళ్ళ దగ్గర బావా బావమరుదులకు మాట పట్టింపు వచ్చింది. ఈ పెళ్ళితో అది పోతుందని వెంకటేశులు మాతో సంబరంగా చెప్పాడు.

"పేరు పెద్దగా ఎయ్యమ్మా. దూరం నుంచి సూసినా మా బావమరిది పేరే కనబడాల," అన్నాడు.

ప్రూఫు అయ్యేసరికి ఒంటిగంట. కమలాక్షి ఆ కార్డును తెరమీదే ఉంచి అన్నానికి లేచింది. అన్నం గొంతు దిగితే కదా. పావుగంటకు తిరిగొచ్చి తెర స్విచ్చు వేసింది. బాణం సరిగ్గా ఆమె కార్డులోనే ఉంది. దాసప్ప పేరున్న వరస మొత్తం నల్లగా మారింది. తన పని పాడుచేయడానికి వచ్చారనుకుంది. "దొరికినావు!" అని అరిచి మీటల కుడి చివర అరచేత్తో ఒక్కటి కొట్టి, వంగి, నెట్టు వచ్చే ఫోను వైరు పీకేసింది. ఆ అరుపుకు నేను లేచి వచ్చాను.

గడియారం పక్కన బొమ్మ తెల్లబడే దాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. "సూస్తిరా సారూ, పాయ," అని ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూడడం నాకు అరుదు. మళ్ళీ ఎవరైనా వచ్చేలోగా అని గబగబా ఫైలు భద్రం చేసి, అచ్చుకు పోయే ట్రేసింగు కాగితం మీద ప్రింటు తీసి నా చేతికిచ్చింది. ఆ ట్రేసింగును వెలుతురుకు పట్టుకుని చివరిసారి చదివి, మూల మీద సంతకం పెట్టడం నా పని. అది నా ఒక్కడి పని. ఆమె మీటల మీద కొట్టి వైరు పీకిన కథ రెండోసారి చెబుతుంటే నేను వింటూ సంతకం పెట్టాను. చదవలేదు.

నాలుగు రోజులకు వెంకటేశులు కార్డుల కట్టలు తెచ్చి బల్లమీద విసిరికొట్టాడు. ఐదువందల కార్డుల్లో దాసప్ప పేరు లేదు. ఆ వరస ఉండాల్సిన చోట కింది పేర్లు పైకి జరిగి ముచ్చటగా కూర్చున్నాయి. అప్పటికే సగం ఊళ్ళకు పంచేశారు. కార్డు దాసప్పకూ అందింది.

"బోరు కాడ మాట మనసులో పెట్టుకుని నేనే తీసేయించినానంటాండాడు. గంప ఎత్తనంట. పెళ్ళికి రానంట. నా పెళ్ళాం రెండు దినాలుగా అన్నం తిన్లే. పెళ్ళి వారం దినాలుండాది," అన్నాడు. ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ప్రూఫులో పేరుంది, అచ్చులో లేదు. ఎవరు తీశారో తేలాలి, తేలినవాళ్ళు పోవాలి అన్నాడు వరదరాజులు. కమలాక్షి భయపడలేదు. తెర మీద చూసిందంతా చెప్పింది. వరదరాజులు ముఖం ఎర్రబడింది. దాచుకున్న ఏర్పాటు ఇక దాగదు గనక ఒప్పుకుని, గోపాలస్వామిని మర్నాడు రమ్మని ఫోను చేశాడు.

కుప్పం బస్సు పలమనేరు, పుంగనూరు చుట్టి వచ్చేసరికి పదకొండయింది. దిగినవాడు మేము ఊహించుకున్న దొంగ కాడు. నలభై దాటిన బక్కపలచని మనిషి. శాంతిపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, నేర్చుకునేవాళ్ళు లేక మూసేసి, ఈ పనికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆయమ్మ కార్డుతో నీకేం పని?" అన్నాడు వరదరాజులు.

"నా మిషన్లో కొన్ని ఒత్తులు కొడితే ఈడ పడవు సార్. ఉండే అక్షరాలు పట్టుకొచ్చి అతికించుకుంటాను. ఆ పొద్దు నాకూ మేనమామ పేరుండే వరస కావాల్సి ఉండె. ఆయమ్మ కార్డులో సక్కగా ఉండాది, కాపీ సేసుకుందామని దాని మీద మౌసు లాగినాను. నల్లగా అయింది. అంతలోనే వరస మాయమైపాయ. నెట్టు కూడా కట్టయిపాయ. నేను మీట తాకలే సార్, నా పిల్లోళ్ళ మీద ఒట్టు."

"నువ్వు తాకకుండా అదెట్ల పోతాది? నల్లగా సేసింది నువ్వే గదా. రేపటి నుంచి రావొద్దు."

గోపాలస్వామి తల వంచుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు.

నేను కమలాక్షి వైపు చూశాను. ఆమె తన కుడి అరచేతిని చూసుకుంటోంది. అప్పుడు నాకూ అర్థమైంది. వరస నల్లగా ఉండగా కుడి చివరనున్న చెరిపే మీట పడితే వరస మొత్తం పోతుంది. ఎనిమిదేళ్ళుగా ఆ పనే చేస్తున్న ఆమెకు అది తెలియక కాదు. అవతల పట్టుకున్నది గోపాలస్వామి, ఇవతల కొట్టింది ఆమె. ఆమె గానీ నేను గానీ చెబితే తప్ప ఆ సంగతి ఎవరికీ తెలిసే దారి లేదు.

"నేనే సార్," అంది.

"ఏంది నువ్వు?"

"వరస నల్లగా ఉన్నప్పుడు మీటల మీద కొట్టినాను. కోపంలో. పేరు పోగొట్టింది నేను. ఈయప్ప తప్పేమీ లేదు."

వరదరాజులు ఆమెను, గోపాలస్వామిని మార్చి మార్చి చూశాడు. "ఈయప్ప నీకు సుట్టమా? ముందే మాట్లాడుకున్నారా ఇద్దరూ?"

పదేళ్ళు లోకాన్ని అనుమానించిన మనిషి మొదటిసారి తన తప్పు తానే చెబితే, దాన్నీ అనుమానించారు. కమలాక్షి మిషను ముందు కూర్చుని ఒక కార్డు తెరిచి, ఒక వరసను నల్లగా చేసి, అరచేత్తో మీటల మీద అదే చోట కొట్టింది. వరస పోయింది. లేచి నిలబడింది.

"పుంగనూర్లో నా మీద నింద పడినప్పుడు నిజం తెలిసిన మనిషి ఒకడుండె సార్. పక్కనే నిలబడి నోరు మూసుకున్నాడు. ఆ మనిషి మాదిరి నేనుండలేను."

నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. ట్రేసింగు మీద నా సంతకం సంగతి అప్పుడు చెప్పాలి. చదివి ఉంటే ఈ గొడవే లేదని చెప్పాలి. చెప్పలేదు. వరదరాజులుకు ట్రేసింగు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా దొరికేది కాదు. కార్డులు వెనక్కి వచ్చిన రోజే చెత్త బుట్టలోంచి తీసి చించేశాను.

గోపాలస్వామి పని నిలబడింది. కమలాక్షిని నెలాఖరుకు మానుకోమన్నాడు. మళ్ళీ ఆమెకు పని దొరకడానికి మూడు నెలలు పట్టింది, నీరుగట్టువారిపల్లెలో చీరల అట్టపెట్టెలు అచ్చువేసే చోట, ఇంతకన్నా తక్కువ జీతానికి. రూప చదువు మాత్రం ఆగలేదు. ఎలా ఆగలేదో నేను అడగలేదు.

పెళ్ళి కార్డులు ఆ వారంలోనే మళ్ళీ కొట్టారు. దాసప్ప మాత్రం కదలలేదు. పట్టుబడ్డాక పేరు వేశారన్నాడు. అది విని కమలాక్షి నా దగ్గరకు వచ్చింది.

"రామసముద్రం పోదాం రాండి సారూ. ఒక్కదాన్ని పోతే నమ్మరు. మీరుంటే పెద్దమనిషి మాటని వింటారు."

వెళ్ళాం. దాసప్ప టమోటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు. మమ్మల్ని చూసి, "మా బావ పంపించినాడా?" అన్నాడు.

"లేదప్పా, ఆయప్పకు మేమొచ్చింది తెలీదు. నీ పేరు తీసేసింది ఆయప్ప కాదు, నేను," అని కమలాక్షి గట్టు మీదే నిలబడి మొదటినుంచి చెప్పింది. బాణం, పౌడరు, అరచేయి, ఉద్యోగం పోవడం. కంప్యూటరు గురించి చెప్పిన దాంట్లో దాసప్పకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. చేతిలోని నార అలాగే పట్టుకుని విన్నాడు. రుజువు అడుగుతాడేమోనని ఆమె వెంకటేశులు సంతకం పెట్టిన ప్రూఫు సంచిలో పెట్టుకొచ్చింది. తీయబోతుంటే ఆయన వద్దన్నాడు.

"కాగితం యాల తల్లీ? తప్పు నాది అని సెప్పుకోడానికి బస్సెక్కి వచ్చిన మనిషిని నేను ఇంతవరకూ సూడలే. మా బావకు సెప్పుపో, గంప నేనే ఎత్తుతానని." నార పట్టుకున్న చేతులు చూపించాడు. "దాన్ని ఈ సేతులతో పెంచినాను. రానని నేనట్లా యాల అంటినో."

తిరుగు బస్సులో కమలాక్షి పుంగనూరు దాటాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పనిలోకి వచ్చినప్పటి నుంచి ఆ ప్రెస్సులో అందరినీ అనుమానించినాను సారూ. సార్‌నూ, బైండింగు దాసినీ, ముఖం తెలీని ఆ గోపాలస్వామినీ. మిమ్మల్నొక్కర్నే అనుమానించలే," అంది.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మదనపల్లె వచ్చేసింది. దిగేటప్పుడు ఆమె నా సంచి కూడా అందుకుని దించింది.